మధుమేహము గలవారును, పడిశపు జ్వరములును

తొలకరి సమీపించినది. దుక్కులు సిద్ధపఱచుకొనుట, విత్తనములును ఎరువులును సమకూర్చుకొనుట మొదలగు పనులయందు మన సభ్యులందఱును నిమగ్నులై యుందురు. వానలతో పాటు పడిశము, దగ్గు, జ్వరము అనునవియు పల్లెలలో ఇంటింటను ప్రవేశించును. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము మన దేశమున వర్షకాలమునందు హెచ్చుగా వ్యాపించుననియు, శీతకాలపు చివరి నెలలలో మఱల తలయెత్తుననియు వైద్యులు కనిపెట్టి యున్నారు. ఆరోగ్యవంతునకు ఇది సామాన్యముగా కొలది దినములలో తగ్గిపోవునట్టిదే. కాని మధుమేహము, అనగా పల్లెలలో షుగరు వ్యాధి యని వాడుకలో నున్న రోగము గలవారు దీనిని తేలికగా చూడరాదు. అందులకు గల కారణమును, ముందుగా చేసికొనవలసిన యేర్పాట్లను ఈ వ్యాసమున సభ్యులకు విశదపఱుప దలచినాము.

మధుమేహము పట్టణములందు కూర్చుండి పనిచేయువారికే వచ్చుననియు, పొలమున కష్టపడువారిని అది అంటదనియు కొందఱి నమ్మకము. ఇది సరికాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున దేశమంతట జరిగిన పరిశీలన యొక్క ఫలితములు 2023వ సంవత్సరమున ప్రకటింపబడినవి. వాని ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షల మంది ఆ రోగపు వాకిట నిలిచి యున్నారు. పట్టణములలో పెద్దవారిలో నూటికి 16 మందికి పైగాను, గ్రామములలో నూటికి సుమారు 9 మందికిని ఈ రోగమున్నట్లు తేలినది. కావున గ్రామమున నున్న ఏ సంఘమును ఇది తమకు సంబంధించని విషయమని తలంపరాదు. తమకు రోగమున్నట్లు తెలియకయే తిరుగుచున్నవారును అనేకులు గలరు.

జ్వరము వచ్చినప్పుడు దేహమున జరుగునది

మనము తిన్న యన్నము, రొట్టె, జావ మొదలగునవి చక్కెరగా మాఱి నెత్తురున చేరును. ఆ చక్కెర నెత్తురునందే నిలిచిపోక కండరములలోనికిని, ఇతరాంగములలోనికిని పోయినగాని మనకు బలము కలుగదు. క్లోమమున పుట్టు ఇన్సులిన్ అను పదార్థము ఈ పని చేయించును. కాలువ నిండుగా పారుచున్నను, నీరుగంటి తూము తీసినగాని నీరు మడిలోనికి పోదు గదా! ఇన్సులిన్ అట్టి నీరుగంటి వంటిది. మధుమేహులలో కొందఱికి ఈ ఇన్సులిన్ బొత్తిగా పుట్టదు. ఎక్కువమందికి అది పుట్టినను చాలదు, లేక ఉన్నదియు సరిగా పనిచేయదు. అందుచేత కాలువ పొంగుచున్నను మడి యెండినట్లు, నెత్తురున చక్కెర నిండియున్నను దేహము బలహీనమగును.

ఇట్టివారికి ఇన్‌ఫ్లుయెంజా గాని కరోనా గాని సోకెననుకొందము. వైరస్ అను అతిసూక్ష్మ రోగకారకము ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల లోపలి పొరను పట్టి వృద్ధినొందును. దానితో పోరాడుటకై దేహము కార్టిజాల్, అడ్రినలిన్ మొదలగు స్రావములను హెచ్చుగా విడుచును. ఆపత్కాలమున బలము కావలెనని ఇవి కాలేయమునందు నిలువయున్న చక్కెరను నెత్తురులోనికి వదలించును. ఇన్సులిన్ చేయు పనిని అడ్డగించును. ఆరోగ్యవంతుని క్లోమము అప్పుడు అధికముగా ఇన్సులిన్ పుట్టించి సరిపెట్టుకొనును. మధుమేహికి ఆ శక్తి లేదు. అందుచేత జ్వరపడిన దినమున అతడు అన్నము ముట్టకున్నను చక్కెర పెరుగవచ్చును. ఈ యొక్క మాట మన సభ్యులు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. తక్కిన జాగ్రత్తలు చాలవఱకు దీనినుండియే పుట్టుచున్నవి.

చక్కెర పెరిగిన పిమ్మట రెండవ కీడు మొదలగును. రోగక్రిములను పట్టి చంపవలసిన తెల్లకణములు చక్కెర అధికముగా నున్న నెత్తురున మందగించును. ఊపిరి గొట్టములలోని తేమయందును చక్కెర చేరి బాక్టీరియా అను క్రిములు పెరుగుటకు అనుకూలించును. వైరస్ వలన పుండైన పొరపై ఆ క్రిములు దిగి న్యుమోనియా కలిగించును. యూరియా అవసరమునకు మించి చల్లిన వరిచేను నల్లగా, ఏపుగా పెరిగి కన్నులకు నిండుగా కనబడును గాని, అగ్గితెగులు ముందుగా దానినే పట్టునని మన రైతులెఱుగుదురు. నెత్తురున మితిమీఱిన చక్కెరయు అట్టిదే. ఈ విధముగా జ్వరము చక్కెరను పెంచును. పెరిగిన చక్కెర జ్వరమునకు తోడ్పడును. ఒకదానికొకటి ఊతమిచ్చుకొను ఈ రెంటి నడుమ రోగి చిక్కుకొనును.

మూడవది, చక్కెర మిక్కిలి పెరిగినప్పుడు అది మూత్రము ద్వారా పోవుచు దేహమందలి నీటిని గూడ వెంట గొనిపోవును. జ్వరపు చెమటయు, వాంతులును తోడైనచో రోగి త్వరగా ఎండిపోవును. ఇన్సులిన్ బొత్తిగా కొఱవడినచో దేహము క్రొవ్వును కరగించి బలము తీసుకొన జూచును. అప్పుడు కీటోనులను ఆమ్లపదార్థములు నెత్తురున చేరును. వాంతులు, కడుపునొప్పి, గాఢమైన ఊపిరి, పండ్లు మ్రగ్గినట్టి వాసన, మగత దీని చిహ్నములు. వెంటనే ఆసుపత్రికి చేర్చనియెడల ఇది ప్రాణాంతకము.

గుండెకును దీనివలన ప్రమాదము కలదు. కెనడా దేశమున ఓంటారియో రాష్ట్రమందు జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశీలనలో, ఇన్‌ఫ్లుయెంజా అని నిర్ధారణమైన తరువాతి 7 దినములలో గుండెపోటుతో ఆసుపత్రి చేరుట ఇతర దినములకన్న సుమారు 6 రెట్లు అధికముగా నుండెనని తేలినది. మధుమేహులకు గుండెజబ్బు మొదటినుండియు పొంచియుండునది గావున వారు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను.

గడచిన సంవత్సరములు నేర్పిన పాఠములు

ఈ మాటలు ఊహలు కావు. 2009వ సంవత్సరమున పందిజ్వరమని పేరొందిన ఇన్‌ఫ్లుయెంజా లోకమంతట వ్యాపించినప్పుడు, కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున లెక్కలు తీయగా, మధుమేహము గలవారు ఆసుపత్రి పాలగుట ఇతరులకన్న 3 రెట్లు అధికమనియు, ఆసుపత్రిలో చేరినవారిలోను మధుమేహులకు తీవ్ర చికిత్సా విభాగమున ఉంచవలసి వచ్చుట సుమారు 4 రెట్లు అధికమనియు తేలెను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంగ్లండు దేశమున మార్చి 1వ తేదీ మొదలు మే 11వ తేదీ వఱకు ఆసుపత్రులలో ఆ రోగముతో మరణించిన 23,698 మందిలో సుమారు మూడవ వంతు మధుమేహులు.

మన దేశమున 2021లో జరిగినది ఇంకను దుఃఖకరము. కరోనా రెండవ వెల్లువ వెనువెంట నల్లబూజు రోగము వ్యాపించినది. ఆ బూజు క్రొత్తగా పుట్టినది కాదు. మన్నులోను, పెంటకుప్పలలోను, కుళ్లిన ఆకులలోను ఎల్లప్పుడు నుండునదే. ఆరోగ్యవంతునకు సామాన్యముగా అది హాని చేయదు. కాని అదుపుతప్పిన చక్కెరయు, విచక్షణ లేక వాడిన స్టెరాయిడ్ మందులును ఒక్కచోట కూడుటతో అది ముక్కునుండి కంటికిని, కంటినుండి మెదడునకును ప్రాకినది. ఆ సంవత్సరము జులై నాటికి దేశమున 45 వేలకు పైగా ఈ రోగము సోకినవారు లెక్కకు వచ్చిరి. వారిలో పెక్కుమంది మధుమేహులే. ప్రాణము దక్కించుకొన్నవారిలోను కన్ను పోగొట్టుకొన్నవారు గలరు.

మందును తోచినట్లు మానరాదు

పల్లెలలో తఱచుగా జరుగు పొరపాటు ఒకటి కలదు. జ్వరము వచ్చి అన్నము సహింపనప్పుడు, “తిండియే లేదు గదా, ఇంక ఇన్సులిన్ ఎందుకు?” అని రోగి దానిని మానివేయును. ఇంటివారును అదియే మేలనుకొందురు. చూచుటకు ఇది న్యాయముగానే కనబడును. కాని పైన చెప్పినట్లు జ్వరము దానంతట నదియే చక్కెరను పెంచును గావున ఆ దినమున ఇన్సులిన్ అవసరము తగ్గుటకు బదులు పెరుగవచ్చును. క్లోమము బొత్తిగా పనిచేయనివారు, అనగా చిన్ననాటినుండియో, రోగము వచ్చిననాటినుండియో ఇన్సులిన్ పైననే ఆధారపడినవారు దానిని ఒక దినమైనను పూర్తిగా మానరాదు. తక్కినవారును తమంతట తాము మానక, మోతాదు ఎంత యుండవలెనో వైద్యుని అడుగవలెను.

బిళ్లల విషయము కొంత వేఱు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి తిండి లేనప్పుడు చక్కెరను మితిమీఱి పడగొట్టవచ్చును. వాంతులు, విరేచనములు కలిగి దేహము ఎండినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనువానిని వైద్యులు కొన్ని దినములు ఆపించుట కలదు. ఏ బిళ్ల ఆపవలెనో, ఏది సాగింపవలెనో రోగియే నిర్ణయించుకొనుట అపాయకరము. జ్వరపడి మగతగా నున్ననాడు విచారించుటకన్న, ఆరోగ్యముగా నున్నప్పుడే వైద్యునికడకు పోయి, “నాకు జ్వరము వచ్చి తిండి తినలేనప్పుడు ఏ మందు ఎంత తీసికొనవలెను?” అని అడిగి, కాగితముపై వ్రాయించుకొని, ఇంటివారందఱికి తెలియునట్లు గోడకు అంటించుకొనుట ఉత్తమము. వాన పడిన తరువాత విత్తనములకై పరుగెత్తు రైతు అదను తప్పును. ఇదియు నట్టిదే.

జ్వరదినములలో చేయవలసిన పనులు

మొదటిది చక్కెర చూచుకొనుట. ఇన్సులిన్ తీసికొనువారు ప్రతి నాలుగు గంటలకును, బిళ్లలు వాడువారు దినమునకు మూడు నాలుగు సార్లైనను గ్లూకోమీటరుతో చూచుకొని వ్రాసి పెట్టుకొనవలెను. చక్కెర 250కి మించినప్పుడు, అందును ఇన్సులిన్ వాడువారు, మూత్రమున కీటోనులున్నవేమో పరీక్షించుకొనవలెను. ఒకటికి రెండుసార్లు 300కి మించినచో ఇంట కూర్చుండరాదు. 70కి తగ్గినచో వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మఱల చూచుకొనవలెను. తెలివి తప్పినవానికి నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్చవలెను.

రెండవది నీరు. గంటగంటకు ఒక గ్లాసెడు నీరు గాని, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని త్రాగుచుండవలెను. గుండె, మూత్రపిండముల జబ్బుచే నీరు మితముగా త్రాగుమని వైద్యుడు చెప్పినవారు మాత్రము ఆ ఆజ్ఞనే పాటింపవలెను. అన్నము సహింపనప్పుడు గంజి, రాగిజావ, ఇడ్డెన కొంచెము కొంచెముగా తీసికొనవచ్చును. లంఖణము మధుమేహికి ఔషధము కాదు. అట్లని జావయు, పండ్లరసమును చక్కెరను పెంచవని తలంచి కడవలతో త్రాగుటయు తగదు.

మూడవది మందులయందు జాగ్రత్త. వైరస్ జ్వరమునకు యాంటిబయాటిక్ మందులు పనిచేయవు. న్యుమోనియా వంటిది తోడైనప్పుడు మాత్రమే వైద్యుడు వానిని వ్రాయును. జ్వరమునకు పారసిటమాల్ చాలును. డైక్లోఫినాక్ వంటి ఒళ్లునొప్పుల బిళ్లలు ఎండిన దేహమున మూత్రపిండములను చెఱచును. దగ్గుమందులలో కొన్నిటియందు చక్కెర పాకముండును గావున అంగడివానితో తమకు షుగరు వ్యాధి కలదని చెప్పి కొనవలెను. ఇన్‌ఫ్లుయెంజాకు ఓసెల్టమివిర్ అను మందు కలదు. రోగచిహ్నములు కనబడిన 48 గంటలలోపల ప్రారంభించినచో దానివలన ఎక్కువ ప్రయోజనము. ఆలస్యము చేయక మొదటి దినముననే వైద్యుని చూడవలసినదని మేము చెప్పుటకు ఇది యొక కారణము.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. “ఒక్క సూది వేయించుకొనినచో రేపే నాగలి పట్టవచ్చు”నని ఆశపడి కొందఱు ఏ మందో తెలియకయే సూది వేయించుకొందురు. అట్టి సూదులలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉండుట కలదు. అది వేసిన దినమున ఒళ్లు తేలికపడినట్లు తోచును. కాని చక్కెర అమితముగా పెరుగును, రోగనిరోధశక్తి తగ్గును. కరోనా రోగులలో ఈ మందు ప్రాణవాయువు అవసరమైనవారికి మేలు చేసెననియు, ఆ యవసరము లేనివారికి మేలు చేయలేదనియు 2020లో ఇంగ్లండున జరిగిన గొప్ప పరీక్షలో తేలినది. కావున సూది వేయుటకు ముందు అది యేమి మందని అడుగుట రోగికి గల హక్కు. షుగరు వ్యాధి కలదని చెప్పుట అతని బాధ్యత.

ఆసుపత్రికి ఎప్పుడు పోవలెను?

ఊపిరి అందకపోవుట, మాట పూర్తి కాకుండ ఆయాసము వచ్చుట, ఎదలో నొప్పి, పెదవులు నీలివర్ణమగుట, ఎడతెగని వాంతులు, మగత, కీటోనులు కనబడుట, ప్రాణవాయువు కొలుచు యంత్రమున 94కు తక్కువ చూపుట, తగ్గిన జ్వరము మఱల తిరుగబెట్టి దగ్గు హెచ్చుట, ముఖమున ఒక ప్రక్క నొప్పి గాని, కంటివాపు గాని, ముక్కునుండి నల్లని స్రావము గాని కనబడుట—వీనిలో ఏ యొక్కటి యున్నను తెల్లవాఱువఱకు వేచియుండక 108 బండిని పిలువవలెను.

రోగము రాకమునుపు

ఇన్‌ఫ్లుయెంజా టీకా ఏటేట వేయించుకొనవలసినది. వైరస్ ఏటికేడు రూపము మార్చుకొనుచుండును గావున నిరుటి టీకా ఈ యేటికి చాలదు. టీకా వేసిన రెండు వారములకు గాని పూర్తి రక్షణ కలుగదు. అందుచేత వానలు ముదురకముందే వేయించుకొనుట మంచిది. చేతికి సూదిగా వేయు టీకావలన ఇన్‌ఫ్లుయెంజా వచ్చునను భయము నిరాధారము. అందు సజీవమైన వైరస్ ఉండదు. ఒకటి రెండు దినములు చేయినొప్పియు, కొద్దిపాటి వెచ్చదనమును ఉండవచ్చును. న్యుమోకాకస్ అను క్రిమివలన కలుగు న్యుమోనియాకు వేఱుగా టీకా కలదు. దానిని గూర్చియు వైద్యుని అడుగవలెను. టీకా రోగమును పూర్తిగా ఆపకపోయినను దాని తీవ్రతను తగ్గించును.

చక్కెరను ఏడాది పొడుగున అదుపున నుంచుకొనుట అన్నిటికంటె పెద్ద కాపుదల. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షను వైద్యుడు చెప్పినప్పుడెల్ల చేయించుకొనవలెను. పొగత్రాగుట మానవలెను. పెంటకుప్ప త్రవ్వునప్పుడును, ధాన్యము తూర్పారబట్టునప్పుడును ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను. వాగులు పొంగి దారులు తెగు గ్రామములవారు రెండు వారములకు సరిపడు మందులను ముందుగా తెచ్చి యుంచుకొనవలెను. శీతలయంత్రము లేనివారు ఇన్సులిన్ బుడ్డిని నీరు తగులకుండ సంచిలో కట్టి, మంటికుండలో నుంచి, ఆ కుండను తడియిసుకపై నీడపట్టున నిలుపవచ్చును.

సంఘములు చేయదగినది

విత్తనములను, ఎరువులను కూడి తెచ్చుకొనుటవలన కలుగు లాభమును మన సభ్యులు చిరకాలముగా ఎఱుగుదురు. ఈ విషయమునందును ఆ పద్ధతినే అనుసరింపవచ్చును. ప్రతి సంఘకార్యాలయమునందు ఒక గ్లూకోమీటరును, ప్రాణవాయువు కొలుచు చిన్న యంత్రమును ఉంచుట పెద్ద వ్యయము కాదు. అయితే వ్రేలు పొడుచు సూది ఒకరికి వాడినది మఱియొకరికి వాడరాదు. ఎవరి సూది వారికే క్రొత్తది కావలెను. సంఘ కార్యదర్శులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితోను, ఆశా కార్యకర్తలతోను మాటలాడి, తొలకరికి ముందు ఒక దినము ముప్పది యేండ్లు దాటిన సభ్యులకెల్ల చక్కెర పరీక్ష చేయింపవచ్చును. టీకాలు కోరువారి పట్టిక వ్రాసి ఒక్కసారిగా తెప్పించిన యెడల వెలయు తగ్గవచ్చును; పట్నమునకు పోయివచ్చు ఖర్చును తప్పును.

రైతు మంచము పట్టినచో నాట్లు ఆగవు, అప్పుపై వడ్డీ ఆగదు. ఒక్క వారపు జ్వరము మధుమేహి యింట ఒక యేటి ఆదాయమును హరించుటయు కలదు. అయినను చక్కెర చూచుకొనుట, మందు మానకుండుట, నీరు త్రాగుట, సకాలమున వైద్యునికడకు పోవుట అను నాలుగును ఏ పేదరైతునకైనను సాధ్యమైనవే. మన సభ్యులు ఈ నెలలోనే వైద్యుని దర్శించి జ్వరదినములలో వాడవలసిన మందుల వివరమును వ్రాయించుకొందురనియు, చదువురాని ఇరుగుపొరుగువారికి ఈ వ్యాసమును చదివి వినిపింతురనియు మేము కోరుచున్నాము.